వేల్సు వారి కిటికీ

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు మమ్ము కోరినప్పుడు, రాయల కాలపు ముచ్చట్లో, మన పూర్వులు ఊళ్లు విడిచి ఈ ప్రాంతాలకు తరలివచ్చిన వైనమో వ్రాస్తామని వారు తలచి ఉంటారు. ఆ సంగతులు మన పెద్దలు ఏటేటా వ్రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము దూరదేశంలోని ఒక చర్చి కిటికీని గురించి వ్రాయదలచాము. ఉగాదికీ చర్చి కిటికీకీ ఏమి సంబంధమని కొందరు నవ్వవచ్చు. మన సంఘంలో శ్రీరామనవమికి పందిరి వేసేవారూ ఉన్నారు, ఆదివారం తెలుగు చర్చికి పోయేవారూ ఉన్నారు. ఉగాది నాడు అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. కనుక ఈ కథ ఎవరికీ పరాయిది కాదని మా నమ్మకం. పైగా ఇది చందాల కథ. చందాలు పోగు చేయటం, రసీదులు చింపటం అంటే ఏమిటో వలస వచ్చిన తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు గదా!

ముందుగా రంగుటద్దాల కిటికీ అంటే ఏమిటో రెండు మాటలు. కరిగిన గాజులో లోహపు భస్మాలు కలిపితే దానికి రంగు పడుతుంది. కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపు లేదా ఆకుపచ్చ, మాంగనీసు కలిపితే ఊదా. ఆ రంగు పలకలను బొమ్మకు తగినట్లు ముక్కలుగా కోసి, ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు నల్లని రంగుతో చిత్రించి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతికిస్తారు. వీథిలో నిలబడి చూస్తే ఆ కిటికీ మసిబారిన పలకలా కనబడుతుంది. లోపలికి వెళ్లి, వెలుతురు దాని గుండా వచ్చేటప్పుడు చూడాలి. మన తోలుబొమ్మలాట చూచినవారికి ఈ రహస్యం తెలుసు. పగటిపూట పెట్టెలో ఉన్న తోలుబొమ్మ వట్టి తోలే. తెర వెనుక దీపం వెలిగితేనే అది రాముడో, రావణుడో అవుతుంది.

యూరపు ఖండంలో 12, 13 శతాబ్దాలలో ఈ విద్య బాగా వృద్ధి పొందింది. ఫ్రాన్సు దేశంలో షార్త్ర్ పట్టణపు పెద్ద చర్చి 1194లో కాలిపోగా తిరిగి కట్టారు. ఆ కట్టడానికి అమర్చిన కిటికీలు నేటికీ చాలా వరకు నిలిచి ఉన్నాయి. చదువురాని జనానికి బైబిలు కథలను కంటికి చూపటం వాటి పనులలో ఒకటి. ఆ బొమ్మలకు ఒక భాష ఉన్నది. గొర్రెపిల్ల అంటే బలి అయిన క్రీస్తు. పావురం అంటే పరిశుద్ధాత్మ. నీలం పరలోకానికి, ఎరుపు రక్తానికి, త్యాగానికి గుర్తు. మన దేవాలయ గోపురం మీద శంఖచక్రాలు చూడగానే అది విష్ణ్వాలయమని మనము చెప్పినట్లే, ఆ గుర్తులు చూచి వారు కథను చెప్పుకొనేవారు.

షార్త్ర్ కిటికీలలో మరొక విశేషమున్నది. పైన పుణ్యకథ నడుస్తుంటే, అడుగున రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు తమ పనిలో ఉన్నట్లు చిత్రించబడి ఉన్నారు. ఆ వృత్తుల వారే కిటికీలను చేయించి ఇచ్చారా, లేక వారి బొమ్మలు మరొక కారణం చేత అక్కడ చేరినవా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఏమైనా, దేవుని ఇంట తన గుర్తు ఉండాలని దాత కోరుకోవటం అన్ని దేశాలలోనూ ఉన్న సంగతే. మన గుళ్లలో మెట్టు మెట్టుకూ పేర్లు చెక్కించటం లేదా? ట్యూబులైటు మీద దాత పేరు ఎంత పెద్దదిగా వ్రాస్తారంటే, ఆ అక్షరాలు దాటి వెలుతురు క్రిందికి రావటమే కష్టం! ఈ మాట పరిహాసానికి అన్నాము గాని, మేము చెప్పబోయే కిటికీకీ దీనికీ సంబంధమున్నది.

ఆ కిటికీ అమెరికాలో అలబామా రాష్ట్రపు బర్మింగ్‌హాం నగరంలో ఉన్నది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం వేరు. అలబామా బర్మింగ్‌హాం ఇనుము, ఉక్కు కొలుముల ఊరు. అక్కడి 16వ వీథి బాప్టిస్టు చర్చిని నీగ్రోలని ఆ కాలంలో పిలువబడిన నల్లజాతివారు 1873లో స్థాపించుకున్నారు. ఇప్పుడున్న కట్టడం 1911లో పూర్తి అయింది. దానిని రూపొందించిన వాలెస్ రేఫీల్డ్ కూడా నల్లజాతి శిల్పియే. బాప్టిస్టు అనే మాట మన నెల్లూరు, ఒంగోలు వారికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో అమెరికా బాప్టిస్టు మిషనరీలు అక్కడికి వచ్చి చర్చీలు, బడులు పెట్టిన సంగతి వారికి విదితమే.

ఆ రోజులలో బర్మింగ్‌హాంలో తెల్లవారికి ఒక బడి, నల్లవారికి ఒక బడి. హోటలు బల్ల, మంచినీళ్ల కొళాయి అన్నీ వేరువేరు. నల్లవారి ఇళ్ల మీద, చర్చీల మీద బాంబులు పడటం ఎంత మామూలైపోయిందంటే, ఆ ఊరికి ‘బాంబింగ్‌హాం’ అని మారుపేరే వచ్చింది. 1963లో మార్టిన్ లూథర్ కింగుగారు, స్థానిక నాయకుడు ఫ్రెడ్ షటిల్స్‌వర్తుగారు మొదలైనవారు అక్కడ అహింసా సత్యాగ్రహం నడిపారు. కింగుగారు గాంధీ మహాత్ముని మార్గాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసినవారు. 1959లో సతీసమేతంగా మన దేశానికి వచ్చి నెల రోజుల పాటు తిరిగి చూచి వెళ్లారు. ఆ పర్యటనలో తిరువనంతపురంలో ఒక బడికి వెళ్లగా, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుండి వచ్చిన తోటి అంటరానివాడుగా పిల్లలకు పరిచయం చేశారట. ఆ మాటకు మొదట ఆయన నొచ్చుకున్నా, తరువాత ఆలోచించి అది నిజమేనని ఒప్పుకున్నట్లు ఆయనే చెప్పారు.

1963 మే 2వ తేదీన బర్మింగ్‌హాంలో బడిపిల్లలు సత్యాగ్రహానికి బయలుదేరారు. వారు గుంపులు గుంపులుగా బయటికి వచ్చినది ఈ 16వ వీథి చర్చి వాకిలి నుండే. మొదటి రోజున వందల మంది పిల్లలను అరెస్టు చేశారు. మరునాడు పోలీసులు వారి మీదికి కుక్కలను వదిలారు, నిప్పులార్పే గొట్టాలతో నీళ్లు కొట్టించారు. ఆ నీటి ధాటికి బట్టలు చిరిగి, పిల్లలు నేల మీద దొర్లిపోయారు. ఆ ఫొటోలు లోకమంతా పత్రికలలో వచ్చాయి. కొద్ది రోజులలోనే ఊరి పెద్దలు కొన్ని షరతులకు ఒప్పుకొనక తప్పలేదు. ఇది కొందరికి కంటగింపు అయినది.

1963 సెప్టెంబరు 15, ఆదివారం. ఆ రోజు చర్చిలో యువజనుల దినం. ప్రార్థనలో పాలుపంచుకొనే ఆడపిల్లలు నేలమాళిగలోని గదిలో ముస్తాబు అవుతున్నారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్‌లకు 14 ఏండ్లు. డెనీస్ మెక్‌నేరుకు 11. ఆడీ మే ఆ చిన్నపిల్ల నడుముకు పట్టీ ముడి వేస్తున్నదని, అదే గదిలో ఉన్న ఆమె చెల్లెలు సారా తరువాత చెప్పింది. ఉదయం 10 గంటల 22 నిమిషాలకు, మెట్ల క్రింద కూ క్లక్స్ క్లాన్ దుండగులు పెట్టిన డైనమైటు ప్రేలింది. నలుగురు పిల్లలూ మరణించారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. 12 ఏండ్ల సారాకు ఒక కన్ను పోయింది. అదే రోజు ఆ నగరంలో మరి ఇద్దరు నల్లజాతి పిల్లలు, 16 ఏండ్ల జానీ రాబిన్సన్, 13 ఏండ్ల వర్జిల్ వేర్, తుపాకి గుండ్లకు బలి అయ్యారు. మొదటివాని ప్రాణం తీసినది పోలీసు గుండు. రెండవవానిని ఒక తెల్ల యువకుడు కాల్చాడు.

ఆ ఉదయం చెప్పదలచిన ప్రసంగానికి పెట్టిన పేరు క్షమించే ప్రేమను గురించినది. ప్రసంగం జరగనే లేదు.

చర్చి కిటికీలు చాలా వరకు ధ్వంసమయ్యాయి. క్రీస్తు రూపమున్న ఒక కిటికీ మాత్రం దాదాపు నిలిచింది. అయితే అందులో ఆయన ముఖం ఉన్న గాజు ఎగిరిపోయింది. అంగీ ఉన్నది, చేతులు ఉన్నవి, ముఖం ఉండవలసిన చోట ఖాళీ! ఆ కిటికీ ఫొటో చూచినవారు ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకున్నారు. ఇంత ఘోరం చూడలేక దేవుడు ముఖం తిప్పుకున్నాడన్నవారు కొందరు. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌గారు మాత్రం, ఇంతకాలం పాలరాతి క్రీస్తు చేత బాధింపబడుతూ వచ్చామనీ, ఆ తెల్లని ముఖం పోవటం ఒకవిధంగా మేలేననీ చేదుగా అన్నారు. ఆ మాట వినటానికి కటువుగా ఉన్నది. కాని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. క్రీస్తు పుట్టినది పశ్చిమాసియాలో పాలస్తీనా దేశంలో. ఆయనకు తెల్లని మేను, బంగారు జుట్టు తగిలించినది ఐరోపా చిత్రకారులు. తమను కొరడాతో కొట్టినవాని పోలికలే దేవునికీ ఉంటే, దెబ్బలు తిన్నవాడు ఆ కిటికీ వైపు ఏమని చూస్తాడు?

ఇక కథ సముద్రం దాటి బ్రిటన్‌కు పోతుంది. ఆ దీవికి పడమటి వైపున వేల్సు అనే చిన్న దేశమున్నది. 1960 ప్రాంతంలో దాని జనాభా సుమారు 26 లక్షలు. బొగ్గు గనుల దేశం, పాటల దేశం. ఇంగ్లీషు వరదలో తమ వెల్షు భాష కొట్టుకొనిపోకుండా పెనుగులాడుతున్న దేశం. ఈ చివరి సంగతి మన బోటివారికి విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడి గని కార్మికులకు అమెరికా నల్లజాతివారితో పాత స్నేహం. సుప్రసిద్ధ గాయకుడు పాల్ రాబ్సన్‌గారు వారితో ఆత్మీయంగా మెలగేవారు. అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టును నిలిపివేసిన కాలంలో, 1957లో వేల్సు గని కార్మికుల ఉత్సవానికి ఆయన న్యూయార్కు నుండి టెలిఫోను తీగ మీదనే పాడి వినిపించారు. వారు తిరిగి ఆయనకు పాడారు.

ఆ వేల్సులో, సముద్రం ఒడ్డున లాన్‌స్టెఫన్ అనే పల్లెలో జాన్ పెట్స్ అనే కళాకారుడు ఉండేవారు. చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చు వేయటం, గాజు పని ఆయన వృత్తులు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని మనస్సాక్షి చెప్పిన మాట మీద నిలిచినవారు. ఇంకొక సంగతి. ఆయన పుట్టుకతో వేల్సువారు కారు. 1914లో లండనులో పుట్టి, యౌవనంలో వేల్సుకు వలస వచ్చి అక్కడనే స్థిరపడినవారు. బర్మింగ్‌హాం వార్త ఆయన రేడియోలో విన్నారు. బిడ్డల తండ్రిగా పిల్లల చావుకు గుండె బరువెక్కిందనీ, గాజు పనివానిగా ఆ కిటికీలన్నీ పగిలినందుకూ బాధ కలిగిందనీ, మనము ఏమి చేయగలము అన్న ఆలోచన వెంటనే వచ్చిందనీ ఆయన తరువాత చెప్పుకున్నారు. ఎవరికి తెలిసిన పని వారు చేయాలి గదా. ఆయనకు తెలిసినది కిటికీ చేయటం.

పెట్స్‌గారు కార్డిఫ్ నగరంలోని వెస్టర్న్ మెయిల్ పత్రిక సంపాదకులు డేవిడ్ కోల్‌గారికి టెలిఫోను చేశారు. తన పనితనం తాను ఇస్తాననీ, తక్కిన ఖర్చుకు జనాన్ని అడగవలసిందనీ కోరారు. కోల్‌గారు సరే అన్నారు గాని ఒక నియమం పెట్టారు. ఎవరూ హాఫ్ క్రౌను నాణెం కంటె ఎక్కువ ఇవ్వకూడదు. ఎవరో ఒక ధనికుడు మొత్తమంతా ఇచ్చి పేరు తెచ్చుకోకూడదనీ, ఇచ్చినది వేల్సు ప్రజలు కావాలనీ దాని ఉద్దేశం.

హాఫ్ క్రౌను అంటే రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. పౌనులో ఎనిమిదవ వంతు. 1963 నాటి మారకంలో రూపాయికి 18 పెన్నీలు కనుక, మన లెక్కలో అది సుమారు 1 రూపాయి 67 పైసలు. ఆ నాణెం 1969 చివరలో చెలామణీ నుండి పోయింది. గని కార్మికుడూ ఇవ్వగలిగినది, పెద్ద వ్యాపారి కూడా అంతకు మించి ఇవ్వరానిది అది. కార్డిఫ్ ఓడరేవు దగ్గర ఎన్నో జాతులవారు కలిసి ఉండే పేటలో, నల్లపిల్లలు తెల్లపిల్లలు వరుస కట్టి తమ చిల్లర డబ్బులు ఇచ్చారు. కావలసిన సొమ్ము కొద్ది రోజులలోనే సమకూడింది.

మేము ఈ నియమం దగ్గర కొంచెం ఆగదలచాము. చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగినవారికి ఇది తలక్రిందుల పద్ధతిగా తోస్తుంది. మన రివాజు ఏమిటి? ముందు ఒక పెద్దమనిషి దగ్గర పెద్ద మొత్తం వ్రాయించుకొని, ఆ అంకె చూపించి తక్కినవారిని అడుగుతాము. అది తప్పని మేము అనము. అలా చేయకపోతే మన హాళ్లలో సగం లేచి ఉండేవి కావు. కాని ఆ పద్ధతిలో, వ్రాయదగిన మొత్తం చేతిలో లేనివాడు వాకిట్లో కాసేపు నిలబడి మెల్లగా జారుకుంటాడు. కోల్‌గారి నియమంలో జారుకొనవలసిన అవసరం ఎవరికీ లేదు. ఈ కిటికీలోని మొదటి గుర్తు గాజులో లేదు, ఆ రసీదులో ఉన్నది.

ఇప్పుడు గాజును చూద్దాము. కిటికీ తయారై 1965లో చర్చిలో ప్రతిష్ఠ అయినది. ముదురు నీలం ప్రధానంగా ఉన్న వెలుగులో, సిలువ వేయబడిన భంగిమలో, నిలువెల్లా చేతులు చాచిన క్రీస్తు. తల వాలి ఉన్నది. మేను నల్లగా ఉన్నది. ఎవరు ఆ చర్చికి వచ్చేవారో, ఎవరి బిడ్డలు మెట్ల క్రింద చనిపోయారో, వారి మేని రంగే ఆయనకు. వర్ణభేదం చట్టంగా నడిచిన అలబామాలో, 1965లో, ఒక పెద్ద కిటికీ నిండా నల్లని క్రీస్తు నిలవటం చిన్న సంగతి కాదు. ముఖం లేకుండా మిగిలిన పాత క్రీస్తుకు ఆ విధంగా ఒక జవాబు దొరికినది.

తలకు పైగా ఇంద్రధనుస్సు. బైబిలులో ఆదికాండం కథ చదివినవారికి అది తెలుసు. జలప్రళయం తగ్గిన తరువాత, ఇక ఇట్లా నాశనం చేయనని దేవుడు నోవహుతో చేసిన నిబంధనకు అది గుర్తు. ఈ కిటికీలో దానికి మరొక అర్థం చేరినది. అన్ని రంగుల మనుష్యులూ ఒక వెలుగు నుండే వచ్చినవారని.

చేతులను జాగ్రత్తగా చూడాలి. రెండు చేతులూ ఒకే రీతిగా లేవు. కుడిచేయి అరచేతిని అడ్డుపెట్టి నెట్టుతున్నట్లు ఉన్నది. అది ద్వేషాన్ని, అన్యాయాన్ని వద్దని త్రోసివేస్తున్నది. ఎడమచేయి తెరచి చాచి ఉన్నది. అది క్షమను అందిస్తున్నది. మన శిల్పాలలో ఒక చేత అభయం, మరొక చేత వరదం చూపే మూర్తులను చూచిన కంటికి ఈ భాష వెంటనే అందుతుంది. అయితే ఇక్కడ ఆ రెండు చేతులూ మేకులు కొట్టబడిన చేతులు. దెబ్బ తిన్నవాడు, ‘నీవు చేసినది తప్పు, ఆపు’ అనటం, ‘నిన్ను నేను ద్వేషించను’ అనటం ఒకేసారి. ఒక మాట కోసం రెండవ మాటను విడిచిపెట్టలేదు. క్షమ అంటే అన్యాయానికి తల వంచటమని కొందరు అనుకుంటారు. తల వంచటం ఇష్టం లేనివారు క్షమనే వదిలేస్తారు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఇరుకు దారిని ఈ రెండు చేతులు చూపుతున్నవి.

అడుగున ఐదు చిన్న ఇంగ్లీషు మాటలు. ‘మీరు నాకే చేస్తున్నారు’ అని వాటి అర్థం. ఇది మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పుదినపు కథకు సంబంధించినది. రాజు కొందరిని పిలిచి, ఆకలిగొన్నప్పుడు నాకు అన్నం పెట్టారు, దాహమైనప్పుడు నీళ్లిచ్చారు, పరదేశినై వస్తే చేర్చుకున్నారు అంటాడు. మేము ఎప్పుడు చేశామని వారు ఆశ్చర్యపోతే, ఈ అల్పులలో ఒకనికి చేసినది నాకు చేసినట్లే అంటాడు. తరువాత మరి కొందరిని పిలిచి, ఆ అల్పులకు మీరు చేయనిది నాకూ చేయనట్లే అంటాడు. పరదేశిని చేర్చుకోవటం ఆ జాబితాలో ఉన్న సంగతి, పరాయిచోట ఇల్లు వెతుక్కున్న కుటుంబాలకు చెంది పుట్టిన మనము గమనించకుండా ఉండలేము.

ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆలోచించాము. సువార్తలో ఉన్నది జరిగిపోయిన క్రియ. కిటికీలో ఉన్నది జరుగుతున్న క్రియ. చేశారు కాదు, చేస్తున్నారు. పైగా ఆ మాట ఎవరితో అంటున్నాడో కిటికీ చెప్పదు. మెట్ల క్రింద డైనమైటు పెట్టినవాడు చదివితే, ఆ నలుగురు పిల్లలకు చేసినది నాకే చేశావు అని అర్థం. కార్డిఫ్ వీథిలో చిల్లర డబ్బు ఇచ్చిన పిల్లవాడు చదివితే, నీవు వారికి ఇచ్చినది నాకే ఇచ్చావు అని అర్థం. అక్షరాలు అవే, వేలు చూపేది ఇద్దరినీ. చదివేవాడు తాను ఆ ఇద్దరిలో ఎవడో తానే తేల్చుకోవాలి. వార్త విని, అయ్యో పాపమని ఊరకుండినవాడు చదివితే ఏమని అర్థమో కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది.

ఒక కిటికీ వలన ఏమి ఒరిగింది అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. చచ్చిన పిల్లలు బ్రతికిరాలేదు. నేరస్థుల సంగతి చూస్తే మరీ విచారం. 1965 నాటికే నలుగురు అనుమానితుల పేర్లు ఎఫ్.బి.ఐ. వారికి తెలుసు. అయినా ఎవరి మీదా కేసు పెట్టకుండా 1968లో దర్యాప్తు మూసివేశారు. అలబామా అటార్నీ జనరల్ బిల్ బాక్స్‌లీగారు దానిని తిరిగి తెరచిన తరువాత, 1977లో రాబర్ట్ చాంబ్లిస్‌కు శిక్ష పడింది. థామస్ బ్లాంటన్‌కు 2001లో, బాబీ ఫ్రాంక్ చెర్రీకి 2002లో పడింది. నాలుగవవాడు హెర్మన్ కాష్ 1994లోనే కేసు లేకుండా పోయాడు. నేరానికీ చివరి తీర్పుకూ నడుమ 39 ఏండ్లు! అంతకాలమూ ఆ నల్లని క్రీస్తు కుడిచేయి అన్యాయాన్ని నెట్టుతూనే ఉన్నది. కిటికీ న్యాయస్థానం పని చేయలేదు. చేసినట్లు నటించటమూ లేదు. అది చేసినది వేరు. మీ బిడ్డల చావు మాకు వినబడింది అని, చూడని దేశం వారు చెప్పిన మాటను అది అక్కడ నిలిపి ఉంచింది.

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. ఆ నలుగురు బాలికల స్మృతికి అమెరికా కాంగ్రెసు 2013లో బంగారు పతకం ప్రకటించింది. 2006లో చర్చికి జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు లభించింది. పెట్స్‌గారు 1991లో కాలధర్మం చెందారు.

వేల్సుకు కూడా ఆ దుఃఖం రావలసి ఉన్నదని అప్పుడు ఎవరికి తెలుసు? కిటికీ ప్రతిష్ఠ జరిగిన మరుసటి ఏడు, 1966 అక్టోబరు 21న, అబర్‌ఫాన్ అనే గనుల ఊరిలో కొండ మీద పోసిన బొగ్గు మట్టి దిబ్బ వానకు నాని జారి, బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. పరాయి తల్లుల కోసం నాణేలు ఇచ్చిన దేశానికి తన పిల్లలనే మట్టి నుండి తవ్వి తీసుకొనవలసి వచ్చింది. ఈ రెండు సంగతులకూ ముడి ఏదీ లేదు. కాని దూరం నుండి ఒకరి దుఃఖాన్ని చూస్తున్నప్పుడు, అది మన ఇంటికి రానిదని అనుకోరాదు.

షార్త్ర్ కిటికీల అడుగున రొట్టెలవారు, చెప్పులవారు కనబడతారని మొదట చెప్పాము. ఈ కిటికీలో ఎంత వెతికినా దాత బొమ్మ ఒక్కటీ లేదు. హాఫ్ క్రౌను ఇచ్చిన వేల్సు ఇల్లాలు లేదు, గని కార్మికుడు లేడు, చిల్లర ఇచ్చిన పిల్లలు లేరు. అందరికీ కలిపి ఒకటే పేరు. ‘వేల్సు వారి కిటికీ’ అని ఆ చర్చివారే పిలుచుకుంటున్నారు. లండనులో పుట్టి వచ్చిన పెట్స్‌గారు కూడా ఆ పేరులోనే కలిసిపోయారు. తాను స్థిరపడిన నేల పేరున, తన చేతి పనితో, ఎన్నడూ చూడని ఊరి తల్లిదండ్రులకు ఆయన ఈ కానుక పంపారు. వలస వచ్చినవాడు ఉన్న ఊరికి ఎప్పుడు చెందుతాడు అని మన ఇళ్లలో పిల్లలు అడుగుతుంటారు. మేము చెప్పదగిన జవాబులలో ఇది ఒకటి.

ఇప్పుడు ఆ చర్చిలో ఆ కిటికీ వెనుక వైపున, మేడ ఎత్తున ఉన్నది. ప్రార్థన ముగించి ఇంటికి మళ్లేవారి ఎదుట అది నిలుస్తుంది. ఆ రెండు చేతులను, ఆ మాటను చూచుకుంటూ వారు వీథిలోకి వెళతారు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఏరివేసి బెల్లం మాత్రం నాకే పిల్లలు ప్రతి ఇంటా ఉంటారు. పెద్దలు మందలించి రెండూ కలిపి తినిపిస్తారు. అందుకే ఈ చేదు కథను పండుగ సంచికలో పెట్టటానికి మేము వెనుదీయలేదు. రానున్న ఏడు మన సంఘం వారు ఏ వరద బాధితులకో, ఏ అగ్నిప్రమాదంలో ఇళ్లు పోగొట్టుకున్నవారికో చందాలు ఎత్తవలసి వస్తే, ఒక్కసారికి హాఫ్ క్రౌను పద్ధతిని పరీక్షించి చూడవలసిందని మా మనవి. తలకు ఇంత అని చిన్న మొత్తం పెట్టి, పేర్ల పట్టిక లేకుండా, ఈ ఊరి తెలుగువారు అని మాత్రం వ్రాసి పంపుదాము. బాధపడినవారు మన భాషవారా, మన మతం వారా అని అడగకుండా పంపుదాము. ఆ రసీదు పుస్తకం మోయటానికి మేమూ వస్తాము.

పాఠకులందరికీ, వారి కుటుంబాలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు.